వినిపించేంత దూరంలో

ఇవాళ పట్టాతో పాటు బంగారు పతకాలు అందుకున్నవారికి అభినందనలు. అందుకోనివారికీ అభినందనలే, రేపు కోర్టులో జడ్జిగారు పతకాల సంగతి అడగరు. ఇక అసలు విషయానికొస్తాను.

మీరు న్యాయశాస్త్రం చదివారు. నేను పోలీసు ఉద్యోగంలో ఎక్కువ భాగం హైదరాబాద్ రోడ్ల మీద, బందోబస్తుల్లో గడిపాను. మీరు పుస్తకంలో చదివిన 19వ అధికరణం నాకు లక్డీకాపూల్ చౌరస్తాలో కనిపించేది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కున్నవాళ్లు నా ముందు కూర్చునేవాళ్లు. దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్లే హక్కున్నవాళ్లు నా వెనక హారన్లు కొట్టేవాళ్లు. ఇద్దరి హక్కూ ఒకే అధికరణంలోనిదే. ఈ తగవు గురించే ఇవాళ మాట్లాడతాను.

ముందు మీతో నాకో పేచీ ఉంది. ధర్నా వల్ల బండి ఆగగానే ఫోన్‌లో మ్యాప్ తీసి, ఎర్రగీత ఎంత పొడవుందో చూసుకుని, ‘వీళ్లకు పనీపాటా లేదా’ అని స్టేటస్ పెట్టినవాళ్లు మీలో ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. లాయర్లు కాబోతున్నారు కదర్రా! వాళ్ల బ్యానర్ మీద ఏం రాసుందో చదివారా? ఎన్ని నెలలుగా అడుగుతున్నారో కనుక్కున్నారా? అదే రోడ్డును పెళ్లి బరాత్ ఆపితే ఫోన్‌లో వీడియో తీసుకుంటారు. మంత్రిగారి కాన్వాయ్ కోసం మేము ఆపితే నోరు మెదపరు. కోపమంతా జీతం అడగడానికొచ్చిన వాళ్ల మీదేనా?

ఒకసారి జీతాలు ఆగిపోయిన అంగన్‌వాడీ టీచర్లు రోడ్డుకు అడ్డంగా బైఠాయించారని వైర్‌లెస్‌లో పిలుపొచ్చింది. వెళ్లేసరికి ప్లాస్టిక్ చాపలు పరుచుకుని కూర్చున్నారు, పక్కన టిఫిన్ బాక్సులు, నీళ్ల సీసాలు. “అమ్మా, రోడ్డు మీదికెందుకు వచ్చారు?” అని అడిగాను. వాళ్లలో పెద్దావిడ లేచి, “పొద్దటి సంది ఫుట్‌పాత్ మీదనే కూసున్నం సారు. అడిగేటోడు లేడు. రోడ్డు మీదికొచ్చినంక ఇగో, మీరందరు ఉరికొచ్చిండ్రు” అంది. ఆవిడ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అంతలో నీలోఫర్ ఆసుపత్రికి పసిబిడ్డతో వెళుతున్న అంబులెన్సు వచ్చింది. మేం చెప్పకముందే ఆ ఆడవాళ్లు చాపలు లాక్కుని దారిచ్చారు. నిమిషంలో బండి వాళ్లను దాటిపోయింది. కానీ వాళ్ల దాకా రావడానికే దానికి చాలాసేపు పట్టింది. వెనక కార్లు, ఆటోలు, బస్సులు బంపర్‌కు బంపర్ ఆనించి నిలబడ్డాయి. డ్రైవర్లు తప్పుకుందామన్నా తప్పుకునే చోటు లేదు. ‘మేం అంబులెన్సుకు దారిచ్చాం’ అని ప్రతి నాయకుడూ చెబుతాడు, అబద్ధం కూడా కాదు. అయితే ప్రాణం ఆగిపోయేది ధర్నా దగ్గర కాదు, దాని వెనక అర కిలోమీటరు దూరంలో. అందుకే మొదటి నుంచీ రోడ్డుకు ఒక వైపు ఖాళీగా ఉంచాలి. మధ్యలో తాడు కట్టి, ఎప్పుడు లేస్తారో ముందే చెప్పాలి. రేపు మీరు ఏ సంఘానికి సలహాదారులైనా మొట్టమొదట చెప్పాల్సింది ఇదే.

ఆ రోజు జామ్ ఎలా తీరిందో కూడా వినండి. లాఠీ ఎత్తలేదు. సంబంధిత అధికారి ఒకరు ఆఫీసులోంచి కిందికి దిగివచ్చి, వినతిపత్రం చేతికి తీసుకుని, నాలుగు మాటలు మాట్లాడారు. చాపలు చుట్టేశారు. ఆ పని పొద్దున్నే ఫుట్‌పాత్ దగ్గర జరిగుంటే రోడ్డు ఆగేదే కాదు.

ఇప్పుడు నన్ను ఏళ్ల తరబడి వేధించిన విషయం చెబుతాను. ధర్నాకు అనుమతి కావాలంటే తేదీ, చోటు, ఎంతమంది వస్తారు, నిర్వాహకులెవరు అన్నీ రాసి దరఖాస్తు ఇస్తారు. అది బల్ల మీద పడుంటుంది. చాలాసార్లు జవాబు ముందురోజు రాత్రి వెళుతుంది: ‘శాంతిభద్రతల దృష్ట్యా తిరస్కరించడమైనది’. ఒక్క వాక్యం. రాత్రికి రాత్రి హైకోర్టుకు వెళ్లలేరు, జిల్లాల నుంచి బయల్దేరిన బస్సుల్ని వెనక్కి తిప్పలేరు. తెల్లవారేసరికి నాయకుల్ని ముందస్తుగా అరెస్టు చేస్తారు. నాయకుడు లేని జనం మిగులుతారు. వాళ్లతో మాట్లాడ్డానికి మనిషుండడు, తాడు కట్టే వాలంటీరుండడు. అలా ధర్నా కాస్తా రాస్తారోకో అవుతుంది. నేను చూసిన ఘోరమైన జామ్‌లలో చాలావాటి మొదలు ఆ రాత్రి కాగితంలోనే ఉంది. చోటివ్వకపోతే నిరసన ఆగిపోదు. రోడ్డెక్కుతుంది.

కోర్టులు ఈ సంగతి ఎప్పటినుంచో చెబుతున్నాయి. అహ్మదాబాద్ నుంచి వచ్చిన హిమత్‌లాల్ షా కేసులో 1972లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వీధుల్లో సభల్ని క్రమబద్ధం చేయొచ్చు కానీ మొత్తంగా నిషేధించే అధికారం పోలీసు అధికారికి కట్టబెట్టకూడదంది. ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర నిరసనల మీద పూర్తి నిషేధం చెల్లదని 2018 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. షాహీన్‌బాగ్ కేసులో 2020 అక్టోబరులో అదే కోర్టు జనం నడిచే దారిని నిరవధికంగా ఆక్రమించడం కుదరదని కూడా చెప్పింది. ఈ చివరి రెండు తీర్పుల్ని ఒకదానికొకటి విరోధులుగా చదవకండి. చోటు చూపించమని ఒకటి, ఆ చోటు దాటొద్దని మరొకటి చెబుతున్నాయి. మొదటిది పాటించని ప్రభుత్వానికి రెండోది గుర్తుచేసే నైతిక బలం ఉండదు.

మన ఇందిరాపార్క్ ధర్నాచౌక్ కథ మీకు తెలుసు. 2017లో అక్కడ ధర్నాలు ఆపేసి ఊరి శివార్లలో చోట్లు చూపించారు. సచివాలయానికి వినిపించని అరుపు ఎవరి కోసం? 2018 నవంబరులో హైకోర్టు జోక్యంతో చౌక్ మళ్లీ తెరుచుకుంది. 2021 నవంబరు 18న వడ్ల కొనుగోలు మీద కేంద్రాన్ని నిలదీయడానికి నాటి ముఖ్యమంత్రే వచ్చి అక్కడ కూర్చున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ కందుకూరు తొక్కిసలాట తర్వాత రోడ్ల మీద సభల్ని కట్టడి చేస్తూ 2023 జనవరిలో తెచ్చిన 1వ నంబరు జీవోను అదే ఏడాది మే నెలలో హైకోర్టు కొట్టేసింది. తొక్కిసలాటలో పోయిన 8 ప్రాణాలు నిజం, భద్రత కావాలన్నదీ నిజం. కానీ భద్రత పేరుతో గొంతు మూయొద్దు. ఇవాళ కుర్చీలో ఉన్నవారికి రేపు ఆ చౌక్ అవసరమవుతుంది. ఏ పార్టీ వారైనా ఇది గుర్తుపెట్టుకోవాలి.

నిరసనకారుల వైపు నుంచి నాకు ఆదర్శం 2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబయికి నడిచొచ్చిన రైతులు. వేలమంది, చాలామంది ఆదివాసులు, అటవీ భూముల హక్కులు, రుణమాఫీ అడుగుతూ సుమారు 180 కిలోమీటర్లు నడిచారు. అరికాళ్లు పగిలి నెత్తురోడుతున్నాయి. ఆదివారం రాత్రికి సియోన్ దగ్గర సోమయ్య మైదానం చేరారు. తెల్లారితే పిల్లలకు పదో తరగతి పరీక్ష. పగలు నడిస్తే నగరం ఆగిపోతుందని ఆ అర్ధరాత్రే లేచి, నిద్ర మానుకుని ఆజాద్ మైదానానికి నడిచారు. పరీక్షలు సాగాయి. ముంబయి జనం నీళ్లు, తిండి, చెప్పులు పట్టుకుని ఎదురొచ్చారు. ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇచ్చింది. నిరసన గురి పాలకుడి మీదే ఉండాలి, బస్సులో నిలబడ్డ కూలీ మీద కాదు. రోజుకూలీకి గంట ఆలస్యమైతే ఆ పూట పనే పోతుంది. అతనూ న్యాయం అడిగే మనిషే. అతన్ని శత్రువును చేసుకున్న ఉద్యమం సగం ఓడినట్టే.

పిల్లలూ, మీలో కొందరు పెద్ద కంపెనీలకు, కొందరు జడ్జీల పరీక్షలకు వెళతారు. వెళ్లండి, బాగుపడండి. కానీ మీ ఊళ్లో ఆశా వర్కర్లో, పారిశుద్ధ్య కార్మికులో, రైతులో ధర్నాకు అనుమతి కోసం తిరుగుతుంటే వాళ్ల దరఖాస్తు మీరు రాసిపెట్టండి. అందులో ఏ వైపు రోడ్డు ఖాళీగా ఉంచుతారో, ఎన్ని గంటలకు లేస్తారో స్పష్టంగా రాయండి. వారం ముందే ఇప్పించి, రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే రాత్రి దాకా ఆగకుండా కోర్టు తలుపు తట్టండి. ప్రాక్టీసు మొదలుపెట్టిన ఏడాదిలో అలాంటి దరఖాస్తు ఒక్కటైనా ఫీజు తీసుకోకుండా చేయండి. ఈ పట్టా ఇచ్చిన సమాజానికి మీరు కట్టాల్సిన మొదటి బాకీ అదే.