కొల్లేటికి చోటిద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కొల్లేటి పక్షుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్లుగా నీటిపారుదల పనుల్లో ఉన్న ఇంజనీరును కదా, ముందు నీటి లెక్కే చెబుతాను.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లపు నేల మన కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో డ్రెయిన్లు ఇందులోకే దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. అది సుమారు 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది. కాబట్టి వరద వచ్చినప్పుడు నీరు కొన్నాళ్లు ఆగడానికి చోటు కావాలి. ఆ చోటే కొల్లేరు. అందులో గట్టు వేసి చెరువు కడితే, ఆ మేరకు వరదకు చోటు తగ్గినట్టే. ఆగాల్సిన నీరు పొలాల్లోకి, ఇళ్లలోకి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో ఏం చేసిందో అందరం చూశాం. ఆ వరదకు మన లంక గ్రామాలూ మునిగాయి.

1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. అప్పుడు ఉపాధి పోయిన ఇళ్ల పిల్లలూ ఈ బడిలోనే చదివారు. వాళ్ల బాధ చిన్నది కాదు. వేరే బతుకుతెరువు చూపకుండా కొల్లేరును కాపాడమంటే ఎవరూ వినరు. అయితే కొల్లేరు పూడిపోతే ముందు నష్టపోయేది కూడా ఆ లంకల వాళ్లే. కొర్రమీను, వాలుగ, ఇంగిలాయి వేటతో బతికేది వాళ్లే కదా.

ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీదే కాక, అటవీ శాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు కడుతున్నాయి. చోటు దొరికితే పక్షి వస్తుందనడానికి అదే రుజువు.

స్వర్ణోత్సవ నిధిలో కొంత ఈ పనులకు కేటాయించమని కోరుతున్నాను. ఒకటి, బడి దగ్గరి డ్రెయిన్‌లో నీటిమట్టం కొలిచే గేజి పెడదాం. పిల్లలు రోజూ చూసి పుస్తకంలో రాస్తారు. పదేళ్లు రాస్తే ఏ అధికారి ముందైనా పెట్టగల లెక్క అవుతుంది. రెండు, నాలుగు బైనాక్యులర్లు కొందాం. ఏటా జనవరిలో జరిగే నీటి పక్షుల గణనలో మన విద్యార్థులు పాల్గొంటారు. మూడోదానికి డబ్బు అక్కర్లేదు. కాంటూరు బయట చెరువులున్న మిత్రులు గట్ల మీద చెట్లు కొట్టకండి. డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకోనివ్వకండి.

శతాబ్ది ఉత్సవం నాటికి మనలో చాలామందిమి ఉండం. ఆ సభకు వచ్చే పిల్లలకు గేజి పుస్తకాలతో పాటు కొల్లేరు కూడా మిగలాలి.

సెలవు.