సాయంకాలపు తరగతి: మన పిల్లల విజయాలు, మన బాధ్యత

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నవంబరు 11, మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారి జన్మదినం. 1888లో మక్కాలో జన్మించిన ఆ మహనీయులు స్వతంత్ర భారతదేశానికి మొదటి విద్యాశాఖ మంత్రిగా, 1958లో కన్నుమూసే వరకూ సేవ చేశారు. 2008 నుండి ఈ తేదీని జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. వారిని గురించి చెప్పదగిన పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు గనుక మేము మాకు అప్పగించిన విషయానికే వస్తాము. కార్యదర్శిగారు మాతో "పిల్లలకు వచ్చిన బహుమతుల జాబితా చదివేయండి మాస్టారూ, చాలు" అన్నారు. జాబితా చదివితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, మీరు చప్పట్లు కొడతారు, బిర్యానీకి లేస్తారు. జాబితాలో లేని సంగతులు కొన్ని చెప్పాలని మా కోరిక. కొంచెం ఓపిక పట్టండి.

మన సాయంకాలపు తరగతి ఏమిటో తెలియని వారి కోసం నాలుగు మాటలు. బడి వదిలిన తరువాత, అసర్ నమాజు నుండి మగ్రిబ్ అజాన్ వరకు, సంఘం హాలులో ఆరు నుండి పదో తరగతి దాకా చదివే పిల్లలు కూర్చుంటారు. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం అందరూ కలిసే. ఇది ట్యూషన్ కాదండీ. బడిలో చెప్పిన పాఠాన్ని మళ్ళీ అప్పజెప్పించడం మా పని కాదు, ఆ పాఠంతో ఏం చేయవచ్చో పిల్లల చేత చేయించడం మా పని. మగ్రిబ్ తరువాత పెడితే మగపిల్లలకు వీలు, మాకూ వీలు. కాని చీకటి పడితే ఆడపిల్లలను పంపరు. అందుకని వేళను ఆడపిల్లలను బట్టి నిర్ణయించాము. చలికాలంలో గట్టిగా గంట దొరుకుతుంది. దొరికిన గంటతోనే నడుపుతున్నాము.

మొదటి చిక్కు భాష దగ్గర వచ్చింది. మన ఇళ్ళల్లో ఉర్దూ, బజారులోనూ కోటిపల్లి రేవు దాటే పంటు మీదా తెలుగు, పోటీపరీక్షల పుస్తకాలేమో ఎక్కువగా ఇంగ్లీషు. ఉర్దూ బడిలో 'ముసల్లస్' నేర్చుకున్న అమ్మాయికి పక్క పిల్లవాడు అంటున్న 'త్రిభుజం' అదేనని తెలియదు. ఆకు ఎండలో తన ఆహారం తయారుచేసుకోవడాన్ని ఒకరు 'జియాయీ తాలీఫ్' అంటారు, ఒకరు 'కిరణజన్య సంయోగక్రియ' అంటారు, ఇంకొకరు 'ఫొటోసింథసిస్' అంటారు. ముగ్గురికీ పాఠం వచ్చు, ఒకరు చెప్పేది ఇంకొకరికి అర్థం కాదు. మేము మూడు గళ్ళు గీసిన నోటుపుస్తకం ఒకటి ప్రతి పిల్లకూ ఇచ్చాము. రోజుకు ఐదు మాటలు, మూడు భాషల్లోనూ రాయాలి. ఉర్దూ గడి కుడి నుండి మొదలవుతుంది, మిగిలినవి ఎడమ నుండి. పేజీ మధ్యలో రెండూ కలుసుకుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది.

కొద్ది కాలానికి పిల్లలే ఒక సంగతి కనిపెట్టారు. 'జియా' అంటే కాంతి, 'తాలీఫ్' అంటే కూర్చడం. ఇంగ్లీషు మాటలోనూ 'ఫొటో' అంటే కాంతి, 'సింథసిస్' అంటే కూర్చడమే. ముసల్లస్‌లో ఉన్నది మూడు, త్రిభుజంలో ఉన్నది మూడు, ట్రయాంగిల్‌లో ఉన్నదీ మూడే. మూడు పాఠాలు బట్టీ పట్టనక్కరలేదు, ఒక్క పాఠానికే మూడు పేర్లు అని ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె బోర్డు మీద రాసి చూపింది. బహుమతుల జాబితాలో ఇది లేదు. మా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే.

ఆ ఊపులో పిల్లలను ఇంట్లో ఉన్న పాత కాగితాలు చూసి మాటలు ఏరుకురమ్మన్నాము. రసీదు, దాఖలా, నకలు, అసలు, వకాల్తా, జామీను, హక్కు, జిల్లా, తాలూకా. ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుండి ఉర్దూ మీదుగా తెలుగులో చేరి స్థిరపడిన మాటలు. తెలుగు మీడియం పిల్లలు ఆశ్చర్యపోయారు, మన పిల్లలు కాస్త గర్వపడ్డారు. పడనీయండి. తెలుగు మనది కాదనుకునే పిల్లవాడికి మేము పిఠాపురం ఉమర్ ఆలీషా గారి సంగతి చెబుతుంటాము. 1885లో పుట్టి 1945లో గతించిన ఆ కవి అరబ్బీ, ఫారసీలు చదివి, ఉమర్ ఖయ్యామును తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. పిఠాపురం ఎంత దూరమండీ మనకు, గోదావరి దాటితే ఆ పక్కనేగా!

ఇక కాలువ సంగతి. ఊరి పక్క కాలువలో నీరు ఎంత వేగంగా పోతుందో కొలవమన్నాము. గట్టు మీద రెండు కర్రలు పాతి, మధ్య దూరం టేపుతో కొలిచి, ఎండిన కొబ్బరి డొక్కను నీటిలో వదిలి, మొదటి కర్ర నుండి రెండో కర్రకు ఎన్ని సెకన్లలో చేరిందో చూశారు. పది మీటర్లకు ఇరవై సెకన్లు పడితే సెకనుకు అర మీటరు. కాని నీరు పైన పోయినంత జోరుగా అడుగున పోదు గనుక ఆ వేగాన్ని కొంత తగ్గించి లెక్క కట్టాలి. వెడల్పు, లోతు తెలిస్తే సెకనుకు ఎంత నీరు పోతున్నదో వస్తుంది. లోతు కొలవడానికి పిల్లలను నీటిలోకి దింపము కదా, వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో అడుగు కొలుచుకుని దాచుకున్నారు. నీళ్ళు వచ్చాక ఆ కొలతలు వాడుకున్నారు. అంత ముందుచూపు పెద్దవాళ్ళకే ఉండదు!

తరువాత ఒక ఆదివారం పి.గన్నవరం అక్విడక్టు చూపించాము. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలువ నీటిని వైనతేయ పాయ అవతలి పొలాలకు దాటించడానికి 1850లలో ఆ అక్విడక్టు కట్టారు. దాని పక్కన తరువాత కొత్తది లేచింది. కింద నది, పైన కాలువ. నీళ్ళ మీద నీళ్ళు ఎలా నడుస్తాయని అడుగుతూ వచ్చిన పిల్లలు, అంత నీటి బరువును ఆ కమానులు ఎలా మోస్తున్నాయని అడుగుతూ తిరిగి వచ్చారు. సంఘంలో కొందరు పెద్దలు అప్పుడు "ఈ షికార్లు ఎందుకు, నాలుగు లెక్కలు చెప్పక" అన్న మాట మా చెవిన పడింది. వారికి కోపం రాకుండా ఒక మాట. ఆ ఆదివారం చేసినవీ లెక్కలేనండీ.

కొబ్బరి పొట్టు సంగతి మీలో చాలామందికి తెలుసు. పీచు తీసిన తరువాత మిగిలే పొట్టు మన దారుల పక్కన గుట్టలుగా పడి ఉంటుంది. కడియం నర్సరీల వాళ్ళు మొక్కలు పెంచే నల్ల ప్లాస్టిక్ సంచులకు బదులు ఈ పొట్టుతో కుండీలు చేయవచ్చు గదా అని మన పిల్లలకు తోచింది. పొట్టును గంజితో కలిపి గిన్నెలకు అద్ది ఎండబెట్టారు. మొదటివి చేతిలోకి తీసుకుంటేనే విడిపోయాయి. నిలిచిన వాటిలో నాటిన మొలకలు పసుపుపచ్చగా మారి చచ్చిపోయాయి. పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. పొట్టులో ఉప్పు ఉంటుందని చదివి, మూడు నీళ్ళు మార్చి కడిగి, మళ్ళీ నాటారు. ఈసారి బతికాయి. ఆ ఆలోచనను బడి ద్వారా ఇన్‌స్పైర్ మానక్ పథకానికి పంపితే ఎంపికయింది. ఎంపికైన ఆలోచనకు కేంద్ర ప్రభుత్వం 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోనే వేస్తుంది. బయట బల్ల మీద పెట్టిన కుండీలు అవే. ముట్టుకోండి గాని నొక్కకండి.

ఇంతవరకు చప్పట్లు కొట్టదగిన విషయాలు. ఇక కొట్టలేనివి.

కాలువ నీటి లెక్క అందరికంటే ముందు తేల్చిన పిల్లవాడు ఈ రోజు ఈ హాలులో లేడు. తొమ్మిదో తరగతి మధ్యలో మెకానిక్ షెడ్డులో చేరాడు. వాళ్ళ నాన్నను మేము తప్పుపట్టడం లేదు, ఇల్లు గడవాలి. కాని షెడ్డులో మొదటి ఏడాది ఆ పిల్లవాడికి వచ్చేది టీ ఖర్చులు, పండక్కి ఒక జత బట్టలు. అదే పిల్లవాడు ఎనిమిదో తరగతిలో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసి ఉంటే, గెలిస్తే, నెలకు 1,000 చొప్పున ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుండి ఇంటర్ రెండో ఏడాది వరకు మొత్తం 48,000. అప్లికేషన్ సమయానికి ఆదాయ ధ్రువపత్రం తయారుగా లేక ఆ ఏడాది వాళ్ళింట్లో వదిలేశారు.

ఈ పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలకు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. రెండు పేపర్లు, ఒక్కొక్కటి 90 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 90 నిమిషాలు. ఒకటి తెలివిని చూసేది, ఇంకొకటి లెక్కలు, సైన్సు, సోషలు. మన రాష్ట్రానికి ఏటా 4,087 స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. ఇటీవలి సంవత్సరాలలో డిసెంబరులో జరుగుతున్నది. మన తరగతిలో ఈ ఏడాది రాయబోయే పిల్లలు ఇదిగో ఆ మూల కూర్చున్నారు. వాళ్ళను పరీక్ష రోజున పొద్దున్నే లేపి, కాస్త తినిపించి, బస్సు ఎక్కించే పూచీ మీది.

గెలిచినంత మాత్రాన డబ్బు రాదు. ఇది అందరూ జాగ్రత్తగా వినాలి. మన తరగతి నుండి గెలిచిన ఇద్దరు అమ్మాయిల్లో ఒకరికి డబ్బు వచ్చింది. ఇంకొకరికి చాలా కాలం రాలేదు. ఎందుకంటే ఆధార్‌లో పేరు ఒక రకంగా, బడి రిజిస్టరులో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉంది. మన పేర్లతో వచ్చిన తంటా ఇది. ఒకచోట 'షేక్' అని పూర్తిగా రాస్తారు, ఒకచోట 'ఎస్‌కె' అని పొడి అక్షరాలు వేస్తారు, ఇంగ్లీషులో ఆ ఒక్క మాటకే మూడు నాలుగు స్పెల్లింగులు. ఆడపిల్లల పేరు చివర 'బేగం' ఒక కాగితంలో ఉంటుంది, ఇంకొక దాంట్లో ఉండదు. 'ఉన్నీసా' ఒకచోట విడిపోతుంది, ఒకచోట కలిసిపోతుంది. కంప్యూటరుకు వీళ్ళిద్దరూ ఒకే పిల్ల అని తెలియదు. ఆ అమ్మాయి తండ్రి కూలి మానుకుని ఎన్నిసార్లు తిరిగారో, ఒక కిటికీ నుండి ఇంకొక కిటికీకి ఎలా పంపారో మాకు తెలుసు. ఫలానా చోట అని పేరు చెప్పము. చెబితే రేపు మళ్ళీ అక్కడికే వెళ్ళాలి గదా!

పదో తరగతి నామినల్ రోల్స్ వెళ్ళేలోపు బడి రిజిస్టరులో పేరు సరిచేయించుకోవడం సులువు. పదో తరగతి సర్టిఫికెట్టు అచ్చయిన తరువాత చాలా కష్టం. ఇంకొక సంగతి, ఈ స్కాలర్‌షిప్పును ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయించుకోవాలి. పదో తరగతిలో 60 శాతం మార్కులు రాకపోతే ఇంటర్‌లో ఆగిపోతుంది. గెలిచి కూడా రెన్యువల్ మరచి పోగొట్టుకుంటే ఓడినదానికంటే బాధ. మైనారిటీ పిల్లలకు 2008లో వచ్చిన కేంద్ర ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పును 2022-23 నుండి తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు. చిన్న తరగతుల్లో ఆ ఆసరా పోయింది గనుక, ఉన్నదానిని జారవిడుచుకోకూడదు.

ఆడపిల్లల సంగతి చెప్పి ముగిస్తాము. తరగతిలో ఆరు, ఏడు చదివే అమ్మాయిలు నిండుగా ఉంటారు. తొమ్మిదికి వచ్చేసరికి చాపల మీద ఖాళీలు కనిపిస్తాయి. ఒక అమ్మాయి రావడం మానేస్తే మేము వాళ్ళింటికి వెళ్ళాము. "మగపిల్లల మధ్య కూర్చోబెట్టడం ఎలా మాస్టారూ" అన్నారు. "ఇంట్లో పెద్దవారు ఎవరైనా వచ్చి తరగతిలో కూర్చోండి, చూడండి" అన్నాము. మరునాటి నుండి ఆ పిల్ల నానీమా తస్బీహ్ తిప్పుకుంటూ గోడ పక్కన కుర్చీలో కూర్చుంటున్నారు. పొట్టు కడిగేటప్పుడు "మూడు నీళ్ళు చాలవు, నాలుగోది కూడా మార్చండి" అన్నది ఆమే. ఇప్పుడు ఆమె ధైర్యం చూసి మరి ఇద్దరు అమ్మాయిలు తిరిగి వస్తున్నారు.

2022లో దేశమంతటా 75 ప్రభుత్వ బడుల నుండి 750 మంది బాలికలు చేతులు కలిపి ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహానికి పరికరాలు తయారుచేశారు. ఆగస్టు 7న మన శ్రీహరికోట నుండి ఎగిరింది. రాకెట్టు దానిని సరైన కక్ష్యలో పెట్టలేకపోయింది, ఉపగ్రహం పోయింది. అది చెప్పినప్పుడు మన హాలులో పిల్లలు నిశ్శబ్దం అయిపోయారు. తరువాత 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 వెళ్ళి కక్ష్యలో నిలిచింది. అది విన్న నానీమా "ఆ పిల్లల అమ్మలు మొదటిసారి పోయినప్పుడు చదువు మాన్పించలేదన్నమాట" అన్నారు. మేము ఏమీ కలపలేదు.

వచ్చే ఆదివారం జుహర్ నమాజు తరువాత ఇదే హాలులో బల్ల వేసుకుని కూర్చుంటాము. ఆరు నుండి పది చదివే ప్రతి పిల్ల తరఫున ఒకరు ఆధార్, బడి నుండి తెచ్చిన పేరు నకలు, బ్యాంకు పాసుపుస్తకం, ఉంటే పుట్టిన తేదీ పత్రం తీసుకురండి. నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూద్దాం. తేడా ఉన్న చోట పెన్సిలుతో గుర్తుపెట్టి, ఎక్కడికి వెళ్ళాలో, ఏం రాయాలో అర్జీ మేమే రాసి ఇస్తాము. ఇంగ్లీషు బాగా రాయగల కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు సాయం వస్తే త్వరగా అవుతుంది. షెడ్డులో పనిచేస్తున్న పిల్లవాడి నాన్నగారు కూడా ఈ సభలో ఉన్నారనుకుంటాము. వారు ఒట్టి చేతులతో వచ్చినా సరే, రమ్మని మనవి. మగ్రిబ్ వేళ అవుతున్నది, సెలవు. ఖుదా హాఫిజ్.