ఆవిరి మీద గుడ్డు - దానికి తగిన స్టీలు గిన్నె



ఈవేళ చాలా చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. స్టీలు సామాన్ల షాపులో ఇడ్లీ పాత్రల పక్కన ఓ మూల కనిపిస్తూ వుంటుంది. పొడుగాటి పిడి వున్న లోతు తక్కువ గిన్నె, లోపల గుండ్రటి కన్నాలున్న పళ్ళెం, ఆ కన్నాల్లో కూర్చునే మూడో నాలుగో చిన్న కప్పులు, పైన మూత. షాపువాళ్ళు దీన్ని ‘ఎగ్ పోచర్’ అంటారు. గుడ్డు పెంకు కొట్టి, నూనెలో వేయించకుండా, ఆవిరి మీద ఉడికించుకునే గిన్నె అన్నమాట. ఇది ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు, కొంటే ఏం చూసి కొనాలి, ఎలా వాడాలి అన్నవి వరసగా చూద్దాం.

ఇదంతా దొరల వంట, మనకెందుకు అనేవాళ్ళున్నారు. మాది నూజివీడు. రసాలకీ, బంగినపల్లికీ పేరుపడ్డ వూరు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గాని, జిల్లా మారితే మామిడికాయ పులుపు మారుతుందా? ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, మా చుట్టుపక్కల ఏ వూరు వెళ్ళినా ఎండలు ముదరకముందే గాలికి రాలిన కాయలు ఇంట్లోకి వచ్చేస్తాయి. ఆ ముక్కలతో పులుసు పెట్టి, అది తెర్లుతూ వుండగా గుడ్లు ఒక్కొక్కటే కొట్టి అందులోకి జారవిడుస్తారు. గరిటె పెట్టి కదపరు. మూత వేసి సెగ తగ్గిస్తారు. కాసేపటికి తెల్లసొన గట్టిపడి, పచ్చసొనని పొదివి పట్టుకుంటుంది. ఇంగ్లీషువాళ్ళు ‘పోచింగ్’ అనేది అచ్చంగా ఇదే! వాళ్ళు నీళ్ళలో ఓ చెంచా వెనిగర్ పోస్తారు. పులుపు తగిలితే తెల్లసొన త్వరగా బిగుసుకుంటుంది, చెదిరిపోదు. మన పులుసులో ఆ పని మామిడికాయ చేసిపెడుతోంది. కనుక వంట మనకి కొత్త కాదు. గిన్నె మాత్రమే కొత్త.

ఆ గిన్నె కూడా నిజానికి ఇడ్లీ పాత్రకి చెల్లెలే. అడుగున నీళ్ళు, పైన ఆవిరి, మధ్యన పళ్ళెం. అందుకే ముందుగా ఒక మాట చెబుతాను. ఇంట్లో గుడ్డు తినేది ఇద్దరే అయి, అదీ వారానికి ఒకసారి అయితే, ఈ గిన్నెకి డబ్బు పెట్టకండి. చిన్న స్టీలు గిన్నెకి నెయ్యి రాసి, గుడ్డు కొట్టి, ఇడ్లీ పాత్రలో చిల్లుల పళ్ళెం మీద పెట్టి మూత వెయ్యండి. అదే పని జరుగుతుంది. ఇడ్లీ గుంటలోనే నేరుగా పోద్దామంటే మాత్రం గుంటలకి చిల్లులున్నాయేమో చూసుకోండి. ఇడ్లీ పిండి ఆగుతుంది గాని తెల్లసొన ఆగదు, కారిపోతుంది.

మరి ఎవరికి కావాలి? నూనె తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళు వున్న ఇంటికి కావాలి. ఒక చెంచా నూనె అంటే సుమారు 45 కాలరీలు. రోజూ ఆమ్లెట్ వేసే ఇంట్లో మనిషికో చెంచా చొప్పున లెక్క కట్టి చూడండి. పొద్దున్నే ముగ్గురు నలుగురు ఒకేసారి బయలుదేరే ఇంటికి కూడా ఇది సాయం. ఇంకొక ఇల్లుంది, దాని గురించి ఎవరూ పైకి అనరు. అత్తగారు గుడ్డు ముట్టరు, పిల్లలకి గుడ్డు లేనిదే పొద్దుపోదు. ఇడ్లీ పాత్రలో గుడ్డు పెడితే ఆ వారమంతా ఆవిడ ఇడ్లీ తినరు. ‘చాదస్తం’ అని మనం కొట్టిపారేస్తే ఆవిడ నోరు మూసుకుని పస్తుంటారు. అలాంటి ఇంట్లో గుడ్డుకి వేరే గిన్నె, వేరే పీచు, వేరే అర వుండడం దండగ ఖర్చు కాదు. పెద్దావిడ మనసు నొప్పించకుండా, పిల్లల తిండి మానిపించకుండా ఇల్లు నడిపించే ఉపాయం అది.

ఇక కొనడం సంగతి. స్టీలు ఎందుకు? 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన ఇనుములో క్రోమియం కలిపి తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాడు. ఆ క్రోమియం గాలి తగిలి గిన్నె మీద కంటికి కనపడనంత పల్చటి పొర కడుతుంది. గీత పడ్డా మళ్ళీ కట్టుకుంటుంది. పులుపునీ తడినీ లోపలికి పోనివ్వనిది ఆ పొరే. అల్యూమినియానికి పులుపు పడదు. నల్లబడ్డ అల్యూమినియం గిన్నెలో మామిడికాయ పులుసు పెట్టి చూడండి, లోపల తెల్లగా మెరుస్తుంది. తోమకుండానే శుభ్రమైందని మురిసిపోవడానికి లేదు. ఆ పోయిన పైపొర పులుసులోనే కలిసింది. అందుకని బయట స్టీలు, లోపల కప్పులు ఉత్త అల్యూమినియంవి అయిన పోచర్ ఇస్తే తీసుకోకండి. అందులో గుడ్డు కూడా బూడిద రంగుకి తిరుగుతుంది.

స్టీలులోనూ రకాలున్నాయి. నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ వున్నది మంచిరకం. దాన్ని 304 నంబరు అంటారు. షాపులో మనవాళ్ళు అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకోకపోతే ‘అసలు స్టీలు’ అని తృప్తి పడతారు. కాని నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవకరకాలకి కూడా అయస్కాంతం అంటుకోదు. అటుపైన, ఇండక్షన్ పొయ్యి మీద వాడే గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకునే తీరాలి. అంటే ఆ పరీక్షతో పొయ్యికి సరిపోతుందో లేదో తెలుస్తుంది గాని, నాణ్యం తెలియదు. గిన్నె అడుగున వేసిన నంబరు చూడండి, ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. స్టీలు వంటపాత్రలకి ఐ.ఎస్. 14756 అని ప్రమాణం వుంది. ఈ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. పాత జరీచీరలిచ్చి వీధిలో స్టీలు గిన్నెలు తీసుకున్న రోజుల్లో ఏ స్టీలో అడిగే వీలు లేదు. డబ్బిచ్చి కొనేటప్పుడు అడగడానికి మొహమాటమెందుకు?

మందపాటి అడుగు, రాగి అడుగు అని ఎక్కువ ధర చెబుతారు. వేపుడు మూకుడికైతే అది అవసరమే. స్టీలుకి వేడిని సమంగా పరిచే గుణం తక్కువ, పల్చటి అడుగు ఒకచోటే మాడుతుంది. కాని పోచర్లో అడుగున ఎప్పుడూ నీళ్ళే. వేడిని అన్ని వైపులకీ సమంగా అందించే పని నీళ్ళు చేస్తాయి. కనుక రాగి అడుగు కోసం అదనంగా డబ్బు పోయక్కర్లేదు. పళ్ళెం తీసేసి కూరలకీ వాడదలచుకుంటే అది వేరే మాట.

డబ్బు కన్నా కన్ను పెట్టవలసినవి నాలుగున్నాయి. మొదటిది, పళ్ళెం కుదురుగా కూర్చోవాలి. షాపులోనే కప్పుల్లో నీళ్ళు పోయించి చూడండి. నీరు ఒక పక్కకి వాలితే ఇంట్లో గుడ్డు కూడా అలాగే వాలి పొర్లిపోతుంది. రెండోది, కప్పుకి పట్టుకునే చెవి వుండాలి. లేకపోతే కాలే కప్పుని పట్టకారుతో తీస్తుంటే జారుతుంది. మూడోది, పిడి. టాకా వేసి అతికిన పిడి కన్నా రివెట్లు కొట్టింది ఎక్కువకాలం నిలుస్తుంది. నాలుగోది, మూత. మధ్యలో కొంచెం ఎత్తుగా వుంటే ఆవిరి నీళ్ళు అంచులకి జారతాయి. చదునుగా వుంటే గుడ్ల మీదే చినుకుల్లా పడతాయి. ఆవిరి పోవడానికి చిన్న కన్నం కూడా వుండాలి. ఇక పేరు చెక్కించుకోవాలని మనకి సరదా. మూత పైన చెక్కించండి. కప్పు లోపల మాత్రం వద్దు, ఆ చుక్కల్లో సొన ఎండి నీచు వాసన పోదు.

వాడే పద్ధతి. అడుగు గిన్నెలో కప్పుల అడుగుకి అంటకుండా నీళ్ళు పొయ్యండి. ఆ నీళ్ళలో ఉప్పు వెయ్యకండి. ఉప్పు అడుగున నిలిస్తే స్టీలుకి సూదిమొన అంత గుంటలు పడతాయి. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో మాత్రం ఒక చింతపండు రెబ్బో, ఎండాకాలమైతే మామిడికాయ చెక్కో వేస్తే తెల్లటి గార కట్టదు. నీళ్ళు మరిగే లోపు కప్పులకి నాలుగు చుక్కల నెయ్యి రాయండి, అంచుల దాకా. ఒట్టి స్టీలుకి గుడ్డు పట్టేసినంతగా మరేదీ పట్టెయ్యదు. గుడ్డుని తిన్నగా కప్పులో కొట్టకండి. ముందు చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి, అప్పుడు కప్పులోకి జార్చండి. ఒక పాడు గుడ్డు తగిలితే అదొక్కటే పోతుంది, మిగిలినవి దక్కుతాయి.

నీళ్ళు బాగా మరిగాక కప్పులు పెట్టి, మూత వేసి, సెగ మధ్యస్థంగా చెయ్యండి. 4 నిమిషాలకి తెల్లసొన గట్టిపడి, పచ్చసొన జారుగా వుంటుంది. 6, 7 నిమిషాలకి పచ్చసొన కూడా గట్టిపడుతుంది. ఫ్రిజ్ లోంచి తీసిన గుడ్డయితే ఇంకో నిమిషం కలుపుకోండి. మూత తీసేటప్పుడు మొహానికి అవతలి వైపుకి వాల్చి తియ్యండి. ఆవిరి తగిలితే గట్టిగా కాలుతుంది. పిల్లల్ని దగ్గర నిలబెట్టుకుని తియ్యకండి.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినండి. హోటళ్ళలో, పత్రికల బొమ్మల్లో పచ్చసొన కారుతూ వుండడమే అందం అన్నట్టు చూపిస్తారు. ఆ అందం అందరికీ కాదు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి కొన్ని గుడ్లలో పెంకు కట్టకముందే లోపల చేరి వుండవచ్చు. పైన ఎంత కడిగినా అది పోదు, లోపలిదాకా ఉడికితేనే చస్తుంది. దాన్నుంచి వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయి. గట్టిమనిషి నాలుగు రోజుల్లో లేచి తిరుగుతాడు. గర్భిణికీ, 5 ఏళ్ళలోపు పిల్లలకీ, పెద్దవాళ్ళకీ, జబ్బుపడి లేచినవాళ్ళకీ అది ప్రమాదంలోకి దింపవచ్చు. కడుపుతో వున్న కూతురు పుట్టింటికి వచ్చిందని ముద్దుగా సగం ఉడికిన గుడ్డు పెట్టకండి. ఆ పిల్లకి 7 నిమిషాల గుడ్డే పెట్టండి. చెంచాతో మధ్యకి కోసి చూస్తే ఎక్కడా జారు కనపడకూడదు. గుడ్డులో వుండే 6 గ్రాముల మాంసకృత్తులు గట్టిగా ఉడికినా ఎక్కడికీ పోవు. మరీ ఎక్కువసేపు వుంచితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చటి గీత వస్తుంది. అది విషం కాదు, పచ్చసొనలోని ఇనుమూ తెల్లసొనలోని గంధకమూ కలిసిన రంగు. భయపడనక్కర్లేదు.

గుడ్డు తాజాగా వుంటేనే కప్పులో గుండ్రంగా నిలుస్తుంది. రోజులు గడిచేకొద్దీ తెల్లసొన పల్చనై పరుచుకుపోతుంది. మా నూజివీడు ఎండలకి బయట పెట్టిన గుడ్డు ఎన్నాళ్ళో ఆగదు, మీ పట్నం అపార్టుమెంటు వంటింట్లోనూ అంతే. నీళ్ళగిన్నెలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజాది. నిలువుగా నిలబడితే త్వరగా వాడెయ్యవలసింది, అదీ గట్టిగా ఉడికించి. తేలితే పారెయ్యండి. దాచేముందు గుడ్లు కడగకండి, పెంకు మీది సహజమైన పూత పోతుంది. వాడేముందు కడగండి.

తోమడం తేలికే, వరస తెలిస్తే. సొన అంటిన కప్పు మీద వేన్నీళ్ళు పోస్తే సొన అక్కడే ఉడికి అంటుకుపోతుంది. ముందు చన్నీళ్ళలో నానబెట్టండి, తర్వాత వేన్నీళ్ళూ సబ్బూ. నీచు వాసనకి చింతపండు గుజ్జో, మామిడికాయ తొక్కో రుద్ది కడిగితే చాలు. ఇనుప పీచు వాడకండి, దాని తునకలు మిగిలిపోతే అవే తుప్పు పడతాయి. నీళ్ళు ఇంకిపోయి అడుగు రంగులు తేలినా పులుపు పెట్టి రుద్దితే చాలావరకు పోతుంది.

పిల్లలు ఒట్టి గుడ్డు తినమని మారాం చేస్తే ఇలా చేసి పెట్టండి. గుడ్డు గిలకొట్టి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, చెంచాడు మామిడికోరు, చిటికెడు ఉప్పు కలిపి కప్పుల్లో ముప్పావు వంతు పోసి, 8 నిమిషాలు ఆవిరి పట్టండి. ఇడ్లీలా పొంగుతుంది. ఏ కూరా లేని రోజు వేడి అన్నంలోకి కూడా బాగుంటుంది.

గిన్నె కొన్నా, ఇడ్లీ పాత్రతోనే సరిపెట్టుకున్నా ఫరవాలేదు. మెరుపు చూసి కొనకండి, పళ్ళెం కుదురు చూసి కొనండి. అందం కోసం గుడ్డు దించెయ్యకండి, తినేవాళ్ళెవరో చూసి దించండి. సెలవు.