పైరు దాహం



1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడింది. 1957 నాటికి దాని బదులు ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడ నిలిపిన నీరు పల్లానికి పారుతుంది గనుక కాలువల వెంట మన చేలకు చేరుతోంది. మరి వేరు దగ్గరి నీరు ఆకు కొసకు ఎలా ఎక్కుతోంది? ఏతం లేదు, మోటారు లేదు!

ఎండకు ఆకుల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరైపోతుంది. ఆ లోటే కింది నీటిని, తాడుకు కట్టినట్టు, కాండంలోని గొట్టాల వెంట పైకి లాగుతుంది. వేరు అందివ్వలేకపోతే మొక్క ఆ రంధ్రాలు మూసుకుంటుంది, ఆకు చుట్టుకుంటుంది. అప్పుడు గాలి లోనికి రాదు, ఆహారం తయారుకాదు. పొట్ట, పూత దశల్లో ఇలా జరిగితే మిగిలేది తాలే.

దివిసీమ వంటి కొస భూముల్లో ఇంకో చిక్కుంది. మడి నిండా నీరున్నా, ఉప్పు ఎక్కువైతే వేరు దాన్ని పీల్చుకోలేదు. నీళ్లలో నిలబడే పైరు దాహంతో మాడుతుంది. అక్కడ మంచినీరు పెట్టి, ఉప్పునీటిని మురుగుకాలువలోకి తీసెయ్యాలి. ఆ మంచినీరు రావలసింది మన కాలువలోంచే గదా!

కనుక ఎగువ రైతులారా, మీ మడి తడవగానే తూము మూయండి. కొసన మీ అన్నదమ్ముల పైరు పొట్టమీద ఉందేమో!