వేటస్థల నిర్ణయము
(యూసుఫ్‌గూడ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



పుస్తకములు కొలువుదీరిన మందిరమున వేటను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. వేటగానికి ఆయుధముకంటె ముందు కావలసినది స్థలజ్ఞానము. ఏ పక్షి ఏ జామున ఎచ్చట నుండునో ఎరుగనివానికి ఎంత గురి యున్నను ఫలము లేదు. ఆ యెరుకయు ఒక విద్యయే. అది దేనికి వినియోగపడవలెనన్నది నేటి విచారము.

అమెరికా ఖండమున అడవి సీమకోడి కలదు. టర్కీకోడి యని మనము పిలుచునది దీనినే. మెక్సికో దేశీయులు దీనిని పూర్వమే మచ్చిక చేసికొనిరి. 16వ శతాబ్దమున అది యూరోపునకు చేరెను. 1612లో గోవానుండి తన కొలువునకు వచ్చిన సీమకోడిని చూచి జహంగీరు పాదుషా అచ్చెరువొంది, మన్సూరు అను చిత్రకారునిచే దాని రూపమును వ్రాయించెను.

ఆ దేశపు వేటగాండ్రు స్థలము నెంచుటలో నాలుగు గుర్తులు చూతురు. రాత్రి పక్షులు వాలు పెద్దచెట్లు మొదటిది. తెల్లవారి దిగి మేయు చోటు రెండవది. నీటిపట్టు మూడవది. వసంతకాలమున పుంజు పురివిప్పి పెట్టలను పిలుచు బయలు నాలుగవది. అడుగుజాడలను, రాలిన ఈకలను, గీరిన ఆకులను, దుమ్ములో పొరలిన పల్లములను పరిశీలించి, ఈ నాలుగును దగ్గరగా నున్న తావున తెల్లవారకముందే మాటువేయుదురు. తన భుజములకంటె వెడల్పైన మ్రానికి వీపు నానించి కూర్చుండవలెనని పెద్దలు బోధింతురు. ఏలయనగా, ఒకడు పెట్టకూత కూయగా, వేరొకడు అది పక్షియే యని భ్రమించి కాల్చిన దుర్ఘటనలు అచ్చట కలవు.

ఇది విన్నంతనే రామాయణ పాఠకులకు దశరథుడు జ్ఞప్తికి రాకమానడు. యువరాజైన దశరథుడు వానకాలపు రాత్రి సరయూతీరమున పొంచియుండెను. మృగములు నీటికి వచ్చునని ఆయన యెంచిన స్థలము సరియైనదే. అయినను, నీరు మృగములకు మాత్రమే కాదు, సర్వప్రాణులకును ఆధారము. కుండలో నీరు నిండు సవ్వడిని ఏనుగు సవ్వడిగా భావించి విడిచిన బాణము, అంధులైన తలిదండ్రులకు ఏకైక ఆధారమైన మునికుమారుని గూల్చెను. శబ్దమునుబట్టి గురి తప్పక కొట్టగలిగినను, చూడక కొట్టుటచే ఆయన పుత్రశోకమునకు పాత్రుడయ్యెను. చోటు తెలిసినవానికే బాధ్యత హెచ్చు.

మన దేశమున సీమకోడి అడవిపక్షిగా లేదు. దానికి చుట్టమైన నెమలి కలదు. నెమలియు సాయంకాలమున ఎత్తైన చెట్లపై వాలును. వేకువను దిగి పొలముల అంచున గింజలను, పురుగులను ఏరుకొనును. ఉదయసాయంకాలములు నీటికి వచ్చును. కనుకనే పూర్వపు వేటగాండ్రు చెరువుకట్టలను, ముళ్లపొదలను ఎంచి, దీమమును కట్టి, ఉచ్చులు పన్నెడివారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నెమలి రక్షింపదగిన పక్షులలో చేర్చబడినది. అశోకుని మొదటి శిలాశాసనము మరింత ఆసక్తికరము. ఒకప్పుడు రాజుగారి వంటశాలకు లెక్కలేని ప్రాణులు చంపబడుచుండగా, అవి రెండు నెమళ్లకును ఒక లేడికిని తగ్గినవనియు, అవియు మున్ముందు చంపబడవనియు అందు చెప్పబడినది. ఈ శాసనము మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండపైనను కలదు.

మన చుట్టుప్రక్కల సంగతి చూతము. హైదరాబాదు చెంతనున్న నేటి హరిణ వనస్థలి నిజాము ప్రభువుల వేటస్థలము. వేటకు ఎంచినవారు మంచి నీరు, మంచి పొదలు, మంచి మేత గల చోటునే యెంచిరి. ఆ గుణములచేతనే అది నేడు జాతీయవనమైనది. యూసుఫ్‌గూడకు చేరువనున్న జూబిలీహిల్సు గుట్టలలో, చిరాన్ ప్యాలెసు చుట్టునున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనమున నేటికిని నెమళ్లు కూయుచున్నవి. 1963లో నెమలి జాతీయపక్షియైనది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని చంపుటను నేరముగా నిర్ణయించినది. కాబట్టి ఈ గుట్టలలో నెమలి వేటకు స్థలమేది యను ప్రశ్నకు ఒక్కటే సమాధానము: ఎచ్చటను లేదు.

అయినచో వేటగాని విద్య వ్యర్థమా? కాదు. కడప సీమలోని కలివికోడి 1848లో శాస్త్రజ్ఞులకు తెలిసినది. 1900 తరువాత ఎనుబదియేండ్లకు పైగా శాస్త్రజ్ఞులకు కానరాలేదు. 1986 జనవరిలో సిద్ధవటము ప్రాంతమున దానిని దీపపు వెలుగులో కనుగొన్నవాడు స్థానిక వేటగాడే. పండితులు వెదకి వేసారినదానిని, పొదల తీరెరిగిన పల్లెవాడు కనిపెట్టెను. ఆ పక్షి కొరకు అచ్చట అభయారణ్యము లేర్పడినవి. తెలుగుగంగ కాలువ మార్గమే మరల్చబడినది.

అమెరికాలోను ఇట్టిదే జరిగినది. మితిలేని వేటచేతను, అడవుల నరకుటచేతను అడవి సీమకోళ్లు 20వ శతాబ్దారంభమునకు పెక్కు రాష్ట్రములలో మాయమయ్యెను. గూళ్లలో పెంచి విడిచిన కోళ్లు బ్రతుకలేదు. అడవికోళ్లనే వలలతో పట్టి, చెట్టు, మేత, నీరు, బయలు నాలుగును గల తావుల విడువగా, అవి లక్షలుగా వృద్ధిచెందినవి. చంపుటకు పనికివచ్చిన స్థలజ్ఞానమే బ్రతికించుటకును పనికివచ్చినది.

ఒక పక్షిని చంపినచో దాని పిల్లలు మిగులవచ్చును. అది వాలు చెట్టును నరికి, త్రాగు కుంటను పూడ్చినచో మిగులునది లేదు. ఒకప్పుడు పల్లెయైన ఈ యూసుఫ్‌గూడ నేడు మహానగరమున కలిసినది. గుట్టలు మేడలైనవి. ఇండ్లు వలసినవే, కాని ప్లాటు కొనువారు, కట్టువారు, మంజూరు చేయువారు వేటగాని కంటితో ఒకమారు చూడవలెను: ఇచ్చట నీరెటు పారును? ఏ చెట్టుపై పక్షులు వాలును? ఊరి వృద్ధులకు తెలిసిన కుంటల, వాగుల, మ్రాకుల పేర్లను పిల్లలు అడిగి వ్రాసికొని, ఆ పుస్తకమును ఈ గ్రంథాలయమున భద్రపరచినచో, రాబోవు తరమునకు అంతకు మించిన కానుక లేదు. మరువబడిన చోటును కాపాడువా రుండరు.

స్వస్తి.