బోరు నీటికి హిసాబు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని అడిగినారు. చదువును గురించి ఏటా చెబుతూనే ఉన్నాము కదా, ఈసారి నీటిని గురించి చెబుతామని వారిని ఒప్పించినాము. ఉర్దూ బడి పంతులుకు సేద్యంతో ఏమి పని అని కొందరు నవ్వుకోవచ్చు. తోటల ఇండ్ల పిల్లలే మా క్లాసులో చాలామంది. బోరు ఎండిన ఏడాది ముందు ఆగిపోయేది పిల్లల చదువే. కాబట్టి ఇదీ చదువు సంగతే.

మన మంగంపేట పేరు ముగ్గురాయి వల్ల దేశదేశాలకు తెలిసింది. చమురు బావులు తొలిచేచోట బరువు కోసం బురదలో కలపడానికి ఆ రాయిపొడి సముద్రాలు దాటి పోతుంది. మన ప్రాంతం పిల్లలు కువైటుకు పోతారు. అక్కడ ఎండలో సంపాదించి పంపిన డబ్బుతో మనం ఇక్కడ బోరు వేయిస్తాము. ఒకటి పడకపోతే రెండోది, అదీ పడకపోతే ఇంకా లోతుకు మూడోది. ఎన్ని ఇండ్లలో ఆడపిల్లల పెండ్లికి దాచిన సొమ్ము ఆ బొక్కల్లో పోయిందో ఇక్కడ కూర్చున్న తల్లులకు తెలుసు.

మన తాతల కాలంలో కపిలతో నీళ్ళు తోడేవారు. ఎద్దులు అలిసిపోతే కపిల ఆగేది, అంతలో బావి ఊరేది. మోటారుకు అలుపు లేదు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. దానికి తోడు ఆటో స్టార్టర్ అని ఒకటి తగిలించినాము. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు మోటారు దానంతట అదే తిరుగుతుంది. మనిషి మంచం మీద నిద్రపోతుంటే మడి నిండి, గట్టు తెగి, నీళ్ళు బాట మీదికి వస్తాయి. మా అభిప్రాయంలో నీటి దుబారాలో మొదటి దోషి ఆటో స్టార్టరే.

ఇక హిసాబు చూద్దాము. మా బడిలో ఏడో తరగతి పిల్లలు చేయగల లెక్కే ఇది. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్లు. పాత కడప జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి 28 లక్షల లీటర్లు. అందులో అధికభాగం ఆవిరైపోతుంది, కొంత వంకలో కొట్టుకుపోతుంది. మన రాతినేలలో పదోవంతు లోపలికి ఇంకినా అదృష్టమే. అంటే ఎకరానికి 2 లక్షల 80 వేల లీటర్లు. మడికి కాలువ వదిలి రెండంగుళాల మందాన ఒక్కసారి తడిపితే పోయేది 2 లక్షల లీటర్లు! ఏడాది పొడుగునా ఆ ఎకరం దాచుకున్నదానిలో మూడొంతులకు దగ్గర ఒక్క తడికే ఖర్చు.

అందుకే డ్రిప్పు వచ్చింది. ఇజ్రాయెల్‌లో 1960లలో దీన్ని వ్యాపార స్థాయిలో తయారుచేయసాగినారు. మన రాష్ట్రంలో 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలైనది. చిన్న రైతులకు కొన్నేళ్ళు తొంభై శాతం వరకూ రాయితీ ఇచ్చినారు. కోడూరు వైపు అరటి, బొప్పాయి, నిమ్మ తోటల్లో నల్లపైపులు పరచుకున్నది అట్లానే. కాలువ పారకంలో సగానికి సగం నీళ్ళు మొక్కకు అందకుండా పోతే, డ్రిప్పులో నూటికి ఎనభై ఐదు, తొంభై వంతులు వేరుకు అందుతాయి. అయితే పైపు వేసినంత మాత్రాన సరిపోదు. వారానికొకసారైనా ఫిల్టరు కడగాలి. పైపు చివరి బిరడా తీసి మురికి వదలాలి. మన ఉప్పునీళ్ళకు డ్రిప్పర్లు పూడుకుపోతాయి, ఉద్యానశాఖ వారిని అడిగి ఆమ్లంతో శుభ్రం చేయించాలి. ఎలుకలు, ఉడుతలు కొరికిన చోట ఆ రోజే అతుకు వేయాలి. ఇవేవీ చేయక పైపులు చుట్టి పాకలో పడవేసి, డ్రిప్పు పనికిరాదు అంటే ఎవరిది తప్పు?

ఇప్పుడు అసలు మాట. డ్రిప్పు పెట్టిన చాలామంది ఏమి చేసినారు? రెండెకరాలకు చాలే నీళ్ళు నాలుగెకరాలకు వస్తున్నాయి కదా అని నాలుగెకరాలు అరటి పెట్టినారు. మోటారు మునుపటిలాగే అన్ని గంటలూ తిరుగుతున్నది. పైగా, కాలువ పారకంలో వృథా అనుకున్న నీళ్ళు కొంత మళ్ళీ భూమిలోకి దిగి ఎవరి బావికో చేరేవి. ఇప్పుడు అదీ లేదు. మిగిలిందనుకున్న నీరు నేలలో లేదు, అరటి ఆకుల మీదుగా గాలిలో కలిసింది.

ఎకరం అరటిలో 1200 చెట్లు, చెట్టుకు రోజుకు 12 లీటర్లు, వానరోజులు తీసివేసి 200 రోజులు. సుమారు 29 లక్షల లీటర్లు అయినాయి. డ్రిప్పు పెట్టినా సరే, ఒక ఎకరం అరటి పది ఎకరాల ఇంకుడు నీరు తాగుతున్నది! చెరువుల ఊట, వంకల ఊట కలిస్తే కొంత నయమే కానీ, మిగతా తొమ్మిదెకరాలవారు కూడా అరటే పెడితే? అదే మామిడిలో ఎకరానికి 40 చెట్లు, ఎండాకాలం చెట్టుకు రోజుకు 80 లీటర్ల చొప్పున నూరు రోజులు ఇచ్చినా 3 లక్షల 20 వేలు. అరటి మానమని మేము అనము, నాలుగు రూకలు కండ్లచూసేది దానిలోనే. ఎంత పెట్టాలో బోరును అడిగి పెట్టమంటున్నాము.

ఇది జరగని మాట కాదు. 2003 తర్వాత కొన్నేళ్ళు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో కడప, కర్నూలుతో సహా ఏడు జిల్లాలలో రైతులే తమ బోర్ల నీటిమట్టం పదిహేను రోజులకొకసారి కొలిచినారు. వానను కొలిచినారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరు ఇంత, అనుకున్న పంటలకు కావలసినది ఇంత అని గోడమీద రాసుకున్నారు. ఎవరినీ నిర్బంధించలేదు. లెక్క కంటికి కనపడిన తర్వాత చాలామంది తమంతట తామే పంట మార్చుకున్నారు. 2002లో వాల్టా చట్టం వచ్చింది, కొత్త బోరుకు అనుమతి కావాలన్నది. కానీ పక్కింటివాడు రాత్రిపూట బండి తెప్పించి బోరు వేస్తుంటే చట్టం వచ్చి నిలబడదు, ఊరివాళ్ళే నిలబడాలి.

మసీదులో వుజూ నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా చూడండి. పారే ఏటి ఒడ్డున ఉన్నా నీళ్ళు దుబారా చేయవద్దని మనకు చెప్పబడింది. ఆ నీళ్ళను చెట్ల పాదులకు మళ్ళించడం సగం రోజు పని. బడి ఆవరణలో మొక్కలకు పిల్లలు సాయంత్రం పూట, చల్లబడినాక పోయాలి. పాదిలో శనక్కాయ పొట్టు పరిస్తే తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది.

సంఘానికి మా విన్నపం ఇది. ఒక పొడవాటి కొలత టేపు, ఒక వానకొలత పాత్ర కొనండి. ప్రతి నెలా ఒకటిన, పదహారున మా పెద్ద తరగతి పిల్లలు, రైతులు సరేనన్న బోర్ల దగ్గరికి వచ్చి మట్టం కొలిచి సంఘం పలక మీద రాస్తారు. బోరు మూత తీసి చూపడానికి ఒప్పుకునేవారు ఈ సభ ముగిసేలోపు కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి. ఆటో స్టార్టరు తీసివేసినవారి పేర్లు వేరే కాగితం మీద రాయమని కూడా వారికి చెప్పినాము.