ఓటుకు ముందు ప్రశ్న

(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే పాలు పోసి, గేదెలకు గడ్డి వేసి, ఇంటి పనులు చక్కబెట్టుకుని ఇంత దూరం వచ్చారు. సాయంత్రం పాల వేళకు మళ్లీ కేంద్రం దగ్గర ఉండాలి. అందుచేత ఎక్కువసేపు మాట్లాడను. నేను చెప్పదలచిన సంగతి ఒక్కటే. పాలకవర్గానికి నిలబడేవారిని ఓటుకు ముందే, పదిమంది ఎదుట, ప్రశ్నలు అడగాలి.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మాట చెప్పినప్పుడల్లా వచ్చే జవాబు నాకు తెలుసు. "మనోడే కదా బాబూ, ఏటి అడుగుతాం? అడిగితే మనసు నొచ్చుకుంటాడు" అంటారు. ఈ మొహమాటానికి ఎంత ఖరీదు చెల్లించాలో నేను కళ్లారా చూశాను. అందులో నా పాలు కూడా ఉంది గనుక నా సంగతితోనే మొదలుపెడతాను.

సహకార డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాల సంఘం ఎన్నికకు వెళ్లాను. ఊరి పేరు చెప్పను. పెద్దలు ముందురోజు రాత్రే రామమందిరం అరుగు మీద కూర్చుని పేర్లు ఖాయం చేశారు. ఎన్ని స్థానాలో అన్నే నామినేషన్లు. నేను "ఏకగ్రీవం" అని రాసి, సంతకం చేసి, టీ తాగి మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చాను. గొడవ లేదు, పోలీసు లేడు. పనైపోయిందని సంతోషించాను.

మూడేళ్ల తర్వాత అదే సంఘం పుస్తకాలు చూడవలసి వచ్చింది. పాల పరీక్ష చేసే కుర్రవాడు అధ్యక్షుడికి బంధువు. అందరి నమూనాలూ తీసేవాడు కాదు. కొందరికి నిన్నటి అంకెనే ఇవాళ వేసేవాడు. దాణా అప్పుగా తీసుకున్న పెద్దల పేర్లకు ఎదురుగా వసూలు గడి ఖాళీ. రెండేళ్ల బోనసు పంచినట్టు పుస్తకంలో ఉంది, అందుకున్నవారు ఊళ్లో కనిపించలేదు. సభ్యుల్లో సగం మంది అప్పటికే ప్రైవేటు పాలవానికి పోస్తున్నారు. కొద్ది నెలల్లో సంఘం తలుపుకు తాళం పడింది. ఆ వసారాలో కూర్చున్న ఒక ముసలమ్మ, "ఆ రోజు మీరూ ఉన్నారు కదా బాబూ, ఒక్క మాటైనా అడగనేదేటి?" అంది. చట్ట ప్రకారం నేను తప్పు చేయలేదు. అయినా ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ అధ్యక్షుడు మొదటి నుంచీ చెడ్డవాడని నేను అనను. అడిగేవారు లేరని తెలిశాక మంచివాడు కూడా మెల్లగా అలసత్వంలో పడతాడు. ఒకసారి పడ్డాక ఆ సంగతి దాచుకోవలసి వస్తుంది.

అడగడం అనే పద్ధతి ఎక్కడైనా నడుస్తోందా అని మీరు అనవచ్చు. మా అబ్బాయిది కంప్యూటరు పని. వాడు చెప్పిన సంగతి ఒకటి వినండి. కంప్యూటరు పనిచేయాలంటే దాన్ని లోపలి నుంచి నడిపించే ఏర్పాటు ఒకటి ఉండాలి. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అలాంటిదే డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ అనే ఆయన దాన్ని ప్రారంభించాడు. ఎన్నో దేశాల్లోని స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి తయారుచేసి, కోరినవారికల్లా ఉచితంగా ఇస్తున్నారు. దానికి యజమాని లేడు. మన సంఘంలాగే పనిచేసేవారిదే పెత్తనం.

1998లో వారు ఒక నిబంధనావళి రాసుకున్నారు. దాని ప్రకారం ఏటా నాయకుణ్ణి ఎన్నుకుంటారు. నిలబడేవారు తాము ఏం చేయదలచుకున్నారో ముందుగా రాసి అందరికీ తెలియజేస్తారు. తర్వాత కొన్నాళ్లు ప్రశ్నలకు గడువు. ప్రశ్న, జవాబు రెండూ రాతలోనే, అందరి కళ్ల ముందే. ఏళ్లు గడిచినా తీసి చదువుకోవచ్చు. ఆ తర్వాతనే ఓటు. 2020లో ముగ్గురు నిలబడ్డారు. వారిలో మన దేశపు మహిళ శ్రుతి చంద్రన్ ఒకరు. గెలిచినది జోనథన్ కార్టర్. 2023లో ఆయన ఒక్కరే నిలబడ్డారు. మన దగ్గరైతే దండ వేసి ఇళ్లకు పోతాం. వారు మాత్రం ఓటు పెట్టారు. ఎందుకంటే వారి బ్యాలెట్టులో "వీరెవరూ కాదు" అనే గడి కూడా ఉంటుంది. అది గెలిస్తే ఎన్నిక మళ్లీ మొదటి నుంచి జరపాలి. 2013 నుంచి మన అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో ఉన్న నోటాకు అంత బలం లేదు.

వారికీ మనకూ ఒక తేడా ఉంది. వారిలో చాలామంది దేశాల దూరంలో ఉంటారు. మనం రెండు పూటలా ఒకే వరసలో క్యాను పట్టుకుని నిలబడేవాళ్లం. ఒకరింటికి ఒకరం పిల్లనిచ్చుకునేవాళ్లం. అందుకే మనకు అడగడం కష్టం. ఒక్కరే లేచి అడిగితే అది పగ అవుతుంది. కాబట్టి ఒక్కరి మీద ఆ భారం పెట్టకండి. ఎన్నికల తేదీకి ముందే సభ్యులంతా ఒక పూట కూర్చుని ప్రశ్నలు రాసుకోండి. ఒకరి చేత చదివించండి. నిలబడిన ప్రతివారికీ అవే ప్రశ్నలు వేయండి. అప్పుడు అడిగినది ఫలానా అప్పన్న కాదు, సంఘం.

ఏం అడగాలి? "బాగా చేస్తావా?" అని అడిగితే "చేస్తాను" అనే అంటారు. అంకె గాని, తేదీ గాని, పేరు గాని జవాబుగా వచ్చేటట్టు అడగాలి. కొన్ని చెబుతాను.

ఒకటి: పోయిన ఏడాది మీరు ఈ సంఘానికి ఎన్ని రోజులు పాలు పోశారు? మీ పేర దాణా బాకీ ఎంత?

రెండు: పాల పరీక్ష సభ్యుల కళ్ల ఎదుట జరిపిస్తారా? మిషను సరిగా ఉందో లేదో ఎన్నాళ్లకొకసారి చూపిస్తారు? ఇది చిన్న సంగతి కాదు. రోజుకు 5 లీటర్లు పోసే సభ్యురాలికి వెన్న శాతం అర పాయింటు తక్కువ రాస్తే రోజుకు సుమారు 25 గ్రాముల వెన్న పోతుంది. నెలకు ముప్పావు కిలో. ఏడాదికి 9 కిలోలు.

మూడు: నెలనెలా జమాఖర్చులు ఏ తేదీన గోడ మీద అంటిస్తారు? ఆడిటు నివేదికను సర్వసభ్య సమావేశంలో చదివిస్తారా?

నాలుగు: పాలు పితికేది, మోసేది ఆడవారు. సభ్యత్వం మాత్రం చాలా ఇళ్లలో మగవారి పేర ఉంది. ఎంతమంది ఆడవారిని, ఎప్పటిలోగా సభ్యులుగా చేర్పిస్తారు?

ఎవరైనా "లీటరుకు ఇంత పెంచుతాను" అంటే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగండి. వెన్న శాతాన్ని, వెన్న కాని ఘనపదార్థాలను బట్టి ధర నిర్ణయించేది పైన డెయిరీవారు. గ్రామ అధ్యక్షుడి చేతిలో లేనిదాన్ని వాగ్దానం చేస్తే అక్కడే తెలిసిపోతుంది. కులం, పార్టీ, ఇంటి గొడవలు మాత్రం ఎత్తకండి. అవి వచ్చాయంటే పాల సంగతి మరుగున పడుతుంది.

జవాబులు పుస్తకంలో రాయించి, చెప్పినవారి సంతకం తీసుకోండి. మరుసటి ఏడాది సర్వసభ్య సమావేశంలో మొదట ఆ పేజీయే చదివించండి. పేజీ చదవకపోతే ప్రశ్న అడిగీ లాభం లేదు. ఒక్కరే నిలబడినా ప్రశ్నలు మానవద్దు. ఏకగ్రీవమైనచోటే ఇవి మరింత అవసరం. మీ సంఘం 1964 చట్టం కింద ఉన్నా, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, ముందు మీ నిబంధనావళి చదువుకోండి. ఒక గేదె ఉన్నవారికీ పది గేదెలున్నవారికీ సంఘంలో ఓటు ఒక్కటే. ప్రశ్న అడిగే హక్కు కూడా అంతే.

చివరిగా ఒక మాట. కేంద్రంలో మీ పాలు పరీక్ష చేయకుండా ఎవరూ తీసుకోరు. దానికి మీరు కోపగించుకోరు. నా పాలు మంచివి, చూసుకో అంటారు. రోజుకు రెండుసార్లు పరీక్షకు నిలబడే మీరు, మీ సంఘం పెద్దను ఎన్నికలప్పుడు ఒక్కసారి పరీక్షించడానికి మొహమాటపడవద్దు. నిజంగా పనిచేయదలచినవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

మీ గేదెలు చల్లగా ఉండాలని, మీ సంఘాలు నిలబడాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.